ధైర్యం చెప్పే మాస్టారు

ఏటా మా అమలాపురం కాలేజీ పిల్లలకు వ్యక్తిత్వ వికాసం గురించి చెప్పడానికి రాజోలు నుంచి ఒక మాస్టారు వచ్చేవారు. "అలసట ఒంట్లో ఉండదండి, మనసులో ఉంటుందండి" అని గుండె మీద చెయ్యి వేసుకునేవారు. పిల్లలు చప్పట్లు కొట్టేవారు.

పోయినేడు ప్రసంగం అయ్యాక ఆయన్ని బస్టాండుకు తీసుకెళ్లాను. రాజోలు బస్సు వచ్చినా ఆయన బెంచీ మీంచి లేవలేదు.

"బస్సొచ్చిందండి, మాస్టారూ."

"ఆయ్, చూసేనండి. మా ఆవిడ మంచం పట్టి చాన్నాళ్లయిందండి. ఇంటికెళ్లి మళ్లీ ధైర్యం చెప్పాలి. ఇవాళ నా దగ్గర లేదండి."

నాకు తెలిసిన మంచి మాటలన్నీ ఆయన చెప్పినవే. తర్వాతి బస్సు రాగానే ఆయన సంచీ పట్టుకుని నేనూ ఎక్కాను. ఊరు దాటకముందే ఆయన నా భుజం మీద తల వాల్చి నిద్రపోయారు. రాజోలు వచ్చినా లేపబుద్ధి కాలేదు.