సుద్దపొడి మీద నల్లగీత

అల్వాల్ నుంచి కబురొచ్చింది, మా ఉస్తాద్ పోయాడని. మట్టి ఇచ్చి వచ్చిన దగ్గర్నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. "జెర కూసోరాదుండ్రి! గిట్ల తిరిగితే పోయినాయన వస్తడా?" అని మా ఆవిడ కసురుతోంది. కూర్చుంటే ఆనాటి విమానం ఇంజన్ సిలిండరే కళ్ల ముందుకొస్తోంది, ఏం చెయ్యను?

పోలీస్ యాక్షన్ నాటికి సికింద్రాబాద్ పక్కన విమానాల షెడ్డులో ఆయన కింద పనిచేసేవాణ్ణి. రాంగోపాల్‌పేట్ నుంచి సైకిల్ మీద వచ్చేవాడు, ఎదురుగా ఎవరూ లేకున్నా ప్రతి మలుపులో గంట కొట్టేవాడు. పగుళ్లు చూడకుండా ఇంజన్‌ను వదలకూడదని రూలు. సిలిండర్‌ను కిరసనాయిలు కలిపిన నూనెలో నానబెట్టి, తుడిచి, సుద్దపొడి చల్లేవాళ్లం. పగులుంటే లోపలి నూనె ఊరి నల్లగీత తేలుతుంది. ఇక అప్పుడు ఎవరూ నోరెత్తకూడదు. "ఒకడు 'గదిగో' అంటే అందరికీ గదే కనబడ్తది" అనేవాడు. ఒక్కొక్కరం చూసి, వెళ్లి ఆయన చెవిలో చెప్పాలి. ఎంత చిరాకేసేదో నాకు! తర్వాత జెట్లొచ్చాయి, టర్బైన్ రెక్కల్లో పగుళ్లు చూపే రంగుమందులొచ్చాయి. రిటైరయ్యే దాకా నేనూ నా కుర్రాళ్లను అలాగే నోరు మూయించాను.

యాక్షన్ ముగిసి విమానాలు మళ్లీ షురూ అయ్యాయి. బొంబాయిలో అక్క దగ్గరున్న వాళ్లమ్మకు ప్రాణం మీదికొచ్చిందని ఉస్తాద్‌కు టెలిగ్రాం. సాయంత్రం విమానంలో ఎలాగో సీటు దొరికింది. ఆ విమానం ఇంజనే మా చేతికి తనిఖీకి వచ్చింది. సుద్ద మీద వెంట్రుకంత గీత తేలింది. ఒక్కొక్కరం వెళ్లి ఆయన చెవిలో "ఏం లేదు ఉస్తాద్" అన్నాం. అందరం అదే మాట.

ఆయన వంగి చూశాడు. "మీరు సిలిండర్‌ను చూస్తలేరు, నా మొఖం చూస్తున్నరు. తీసెయ్యుండ్రి."

మార్చడానికి వేరే సిలిండర్ లేదు. విమానం ఆగింది. ఆయన రైల్లో వెళ్లేసరికి తల్లికి మట్టి ఇవ్వడం అయిపోయింది.

ఆయన తిరిగొచ్చిన నాటికి, పెద్ద వర్క్‌షాపుకు పరీక్షకు పంపిన ఆ సిలిండర్ కూడా వచ్చేసింది. గీతను అరగదీసి చూశారట, పైపై గీరేగానీ పగులు కాదట. ఆ మాట ఆయనకు నేనే చెప్పాల్సి వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం వచ్చింది.

ఉస్తాద్ దాన్ని మళ్లీ నూనెలో నానబెట్టాడు, తుడిచాడు, నాతో సుద్ద చల్లించి ఎదురుగా కూర్చున్నాడు. ఇంజన్లో పగులుండాలని నేను దేవుణ్ణి వేడుకున్నది బతుకులో ఆ ఒక్కసారే. ఎంతసేపు చూసినా సుద్ద తెల్లగానే ఉంది.

"జెర మళ్ల చల్లు" అన్నాడు.