కింగ్‌స్టన్ రాతి కాలేజీలో పూర్వపక్షం

ఈ ప్రయాణం సరదాకి మొదలైంది కాదు. మా అమ్మాయి శ్రావ్య ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతూ, అది వదిలేసి మతాల చరిత్ర చదువుతానని పట్టుబట్టింది. కోర్సు మార్చుకోవడానికి ఆ వారమే గడువు. నేను టెలికాం ఇంజనీరుని. ఆ చదువు కూడు పెడుతుందా అని నా గోల. చివరికి తనే ఓ బేరం పెట్టింది. కింగ్‌స్టన్‌లో పందొమ్మిదో శతాబ్దపు కాలేజీ ఒకటుందట, అది చూసొచ్చాక నేనేమన్నా వింటుందట. చూస్తే పోయేదేముంది అనుకున్నాను.

శనివారం ఉదయం ఎనిమిదింటికి మేముండే కనాటాలో బయల్దేరాం. పెద్ద హైవే 401 మీద వెళ్ళొచ్చు గానీ, మేం ఏడో నంబరు హైవే మీద కార్ల్‌టన్ ప్లేస్ దాకా వెళ్ళి, అక్కడ పదిహేనో నంబరు పట్టుకున్నాం. రెండు గంటల పైచిలుకు ప్రయాణం, దారి పొడవునా సరస్సులే. స్మిత్స్ ఫాల్స్ దాటాక నేను నోరు తెరవబోతే, కారు నడుపుతున్న శ్రావ్య "అమ్మా, ప్లీజ్, నాట్ ఇన్ ద కార్" అంది. పులిహోర డబ్బా నా ఒళ్ళో పెట్టి నా నోరు మూయించింది.

ఆ పాత రాతి కాలేజీని ఇప్పుడు మ్యూజియంలా ఉంచారు, లోపలికి టికెట్ లేదు. తోచినంత హుండీలో వేస్తే చాలు. చూపించింది డేవిడ్ గారని, రిటైరైన టీచరు. "అప్పట్లో పొద్దున్నే గంట కొడితే విద్యార్థులందరూ ప్రార్థనకి రావాల్సిందే. సాయంత్రం అదే కుర్రాళ్ళు ఈ పైగదిలో చేరి, బైబిల్లో ప్రతి మాటా అక్షరాలా నిజమేనా, భూమి వయసెంత అని వాదించుకునేవాళ్ళు" అన్నారు.

"ప్రిన్సిపాల్ ఊరుకునేవారా?" అన్నాను.

"సభకు పెద్ద ఆయనే! షరతు ఒక్కటే. ముందు ఎదుటివాడి వాదం నువ్వే చెప్పాలి. అతను 'అవును, నా మాట ఇదే' అని ఒప్పుకున్నాకే నీ వంతు."

"ఇది మన పూర్వపక్షమే!" అని తెలుగులో అరిచేశాను. "మీనింగ్?" అంది శ్రావ్య. ఎదుటివారి వాదాన్ని ముందుగా, నిజాయితీగా చెప్పడం అని వివరిస్తూ నాలుక కరుచుకున్నాను. వాడుకలో పూర్వపక్షం చేయడమంటే కొట్టిపారేయడమే. నెల రోజులుగా ఇంట్లో నేను చేస్తున్నదీ అదే.

డేవిడ్ గారు సంగతి అడిగి తెలుసుకుని, "గది ఖాళీయే, కూర్చోండి" అని కిందికి వెళ్ళిపోయారు.

ముందు నేనే శ్రావ్య మాటగా మొదలుపెట్టాను. "చిన్నప్పుడు దేవుడి గురించి ఏదడిగినా 'దణ్ణం పెట్టుకో, ప్రశ్నలేంటి' అన్నారు. నా ప్రశ్నలు అలాగే ఉండిపోయాయి. వాటిని అడిగే చోటుకి వెళ్తానంటున్నాను, అంతే." శ్రావ్య తలూపింది. "అవును, నా మాట ఇదే."

తర్వాత తన వంతు. ఎప్పుడూ ఇంగ్లిష్‌లో జవాబిచ్చే పిల్ల, నా పక్షం కాబట్టి తెలుగులోనే మాట్లాడింది, తడుముకుంటూ. "నేను ఈ కంట్రీకి వచ్చినప్పుడు నన్ను ఎవరికీ తెలీదు. నా డిగ్రీ చూసే డోర్ తీశారు. నా కూతురు డోర్ బయట నిలబడితే... నేను చూడలేను."

నేనెప్పుడూ ఆ మాట అనలేదు. నాకు నేనే చెప్పుకోలేదు. ఏడుపొచ్చేసింది. "అవును, నా మాట ఇదే" అన్నాను.

"ఇప్పుడు నీ టర్న్. నా ఆర్గ్యుమెంట్ కొట్టెయ్."

"కొట్టేయడానికేం మిగల్చలేదుగా. పద, ఆకలేస్తోంది. తిన్నాక అప్లై చెయ్యి."

భయం పోయిందని అబద్ధం చెప్పను. కానీ నెల రోజులు గదమాయింపు వేషంలో తిరిగిన ఆ భయాన్ని నా కూతురు గుర్తుపట్టింది. నేనూ తన మొండితనం వెనకున్న ప్రశ్నను చూశాను. భక్తీ ప్రశ్నా ఒకే కప్పు కింద ఇమిడిన ఆ కాలేజీలో మా ఇద్దరికీ చోటు దొరికింది. వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట: పైగదికి ఎప్పుడూ తాళం వేసే ఉంటుంది. మొహమాటపడకండి, అడిగితేనే తీస్తారు.