ఏడు నిమిషాల గడువు

ఆఫీసులో అతన్ని నిమిషాలాయన అనేవారు. దేశదేశాలకు సరుకులు పంపే ఆ పెద్ద ఆన్‌లైన్ కంపెనీలో ప్రోగ్రాములు రాయడం అతని ఉద్యోగం. గోదాములో పెట్టెలు కట్టేవాళ్ళు ఒక వస్తువు స్కాన్ చేశాక ఏడు నిమిషాల్లోపు ఇంకోటి చేయకపోతే, ఖాళీగా కూర్చున్నట్టు వాళ్ళ పేరున నమోదవుతుంది. ఆ ఏర్పాటు అతని చేతిపనే. ఏడే ఎందుకని ఎవరూ అడగలేదు. పాత వివరాలు వడపోస్తే ఆ అంకె తేలింది, పెట్టేశాడు.

అతన్ని పెంచిన మేనత్త ఆ గోదాములోనే మూడేళ్ళుగా పెట్టెలు కడుతోంది. ఇద్దరూ ఉండేది ఒకే ఇంట్లో. "కంపెనీ ఒకటే, వాడు కూర్చుంటాడు, నేను నిలబడతాను" అని పక్కింటావిడతో నవ్వుతూ చెప్పేది.

అతను ఇంటి నుంచి పనిచేస్తున్న ఒక మధ్యాహ్నం, ఆమె వేళగాని వేళ తిరిగొచ్చింది. మెడలో గుర్తింపు కార్డు లేదు.

"తీసేశార్రా" అంది చెప్పులు విప్పుతూ. "ఖాళీగా ఉన్నానని మూడోసారి రాసుకుందట ఆ మిషను. బాత్రూమేమో ఆ చివర్నెక్కడో. ఈ మోకాళ్ళతో వెళ్ళి రావద్దూ? ఈ లెక్క పెట్టినవాడెవడో నీకు తెలిస్తే ఓ మాట చెప్పి చూడు."

అతను ల్యాప్‌టాప్ మూసేశాడు. "అది వేరే విభాగం అత్తా, నాకు తెలీదు" అన్నాడు.

ఆమె నమ్మేసింది. "పోన్లే, దానికి నువ్వెందుకు మొహం వేలాడేస్తావ్" అని అతనికే ధైర్యం చెప్పి మంచినీళ్ళకు వెళ్ళింది. అతనికి తల కొట్టేసినట్టయింది.

వారం రోజులు ఆమె మొహం చూడలేక, ఫోన్లో తల దూర్చి అన్నం తిన్నాడు. ఎనిమిదో రోజు గోదాముకు వెళ్ళాడు. ఆమె నిలబడే బల్ల దగ్గర మొదలుపెట్టి, అరల మధ్య గీసిన పసుపు గీత వెంట బాత్రూమ్ దాకా నడిచి వెనక్కి వచ్చాడు. అతని కుర్రకాళ్ళకే ఆరున్నర నిమిషాలు పట్టింది. లోపల వరసలో నిలబడాల్సిన సమయం ఇంకా వేరు.

మర్నాడు మేనేజరుతో చెప్పాడు. "గడువు తప్పు మేడమ్. పెట్టింది నేనే."

"ఇన్నాళ్ళూ ఎవరూ ఏమీ అనలేదే?"

"అనడానికి చోటేది? ఆలస్యమైతే కారణం రాసే గడి కూడా నేనే తీసేశాను."

గడువు రెట్టింపయింది, గడి తిరిగొచ్చింది. తీసేసినవాళ్ళ సంగతి చూస్తామన్నారు పైవాళ్ళు. చూడలేదు.

మేనేజరుతో మాట్లాడిన రోజు సాయంత్రం అత్త బట్టలు మడతపెడుతుంటే ఎదురుగా కూర్చున్నాడు. "అత్తా, ఆ లెక్క పెట్టింది నేనే."

ఆమె చేతులు ఆగాయి. "అడిగిన రోజే చెప్పొచ్చుగా."

"సిగ్గేసింది."

"మూడేళ్ళు ఒకే బల్ల దగ్గర తిన్నాం. బాత్రూమ్ ఎంత దూరమని నన్నొక్క మాట అడిగుంటే చెప్పేదాన్ని కదరా" అంది నెమ్మదిగా. ఆమె మిగిలిన బట్టలు మడతపెట్టి లేచింది.

నెల తిరక్కుండానే ఆమె ఒక దుకాణంలో కుట్టుపనికి కుదిరింది. మేనల్లుడితో పోట్లాడలేదు, మాటలూ మానలేదు. ఇప్పుడు అతను రోజూ పని ఎలా ఉందని అడుగుతున్నాడు. ఆమె "బాగానే ఉంది" అంటుంది. అంతకు మించి చెప్పదు.