తల్లి పేరు అడిగే మొంజియా

గఫ్సా పట్నం దాటాక వచ్చే ఫాస్ఫేట్ గనుల ఊళ్ళో, సర్కారు ఆస్పత్రి ఎక్స్‌రే విభాగంలో మొంజియా ఇరవై రెండేళ్ళపాటు ఫిల్ముల గది చూసుకుంది. గనిలో దిగినవాళ్ళు ఏడాదికోసారి ఛాతీ ఎక్స్‌రే తీయించుకోవాలి. ఆ ఫిల్ములన్నీ గోధుమరంగు కవర్లలో, నేల నుంచి కప్పు దాకా లేచిన ఇనుప అరల్లో ఉండేవి. పాతది కావాలని అడిగితే చాలు, మొంజియా నిచ్చెనెక్కి క్షణంలో తెచ్చి చేతిలో పెట్టేది.

ఆ ఊళ్ళో మనుషులు ఎక్కువ, పేర్లు తక్కువ. తాత పేరు మనవలందరికీ పెట్టేస్తారు. పెద్దవాళ్ళలో సగంమందికి పుట్టినరోజు తెలియదు కాబట్టి కాగితాల్లో జనవరి ఒకటి అని రాయించుకున్నారు. అందుకని మొంజియా ప్రతి కవరు మీదా పెన్సిలుతో తల్లి పేరు కూడా రాసేది. రాయమని ఎవరూ చెప్పలేదు. రాయకపోతే తనకే తలనొప్పి.

కంప్యూటరు యంత్రాలు వచ్చేనాటికి ఆమెకు నలభై తొమ్మిదేళ్ళు. చీకటి గదిలో మందునీళ్ళ తొట్టెలు తీసేశారు. అంతకుముందు ఫిల్ముల కట్ట అద్దె కారు డ్రైవరు చేతికిస్తే స్ఫాక్స్ నగరంలో ఎక్స్‌రేలు చదివే డాక్టరుకు చేరేది, జవాబు రావడానికి పదిరోజులు పట్టేది. ఇప్పుడు బొమ్మ తెర మీద పడటం, స్ఫాక్స్ చేరడం రెండూ ఊపిరి పీల్చి వదిలేలోగా అయిపోతున్నాయి. ఎక్స్‌రేలు తీసే లజ్‌హర్ కొన్నాళ్ళు కంగారు పడ్డాడు గానీ మొంజియాకు ఆ యంత్రం నచ్చింది. మందునీళ్ళ కంపు పోయింది. మోకాలి నొప్పితో నిచ్చెన ఎక్కే బాధా తప్పింది.

ఒక్కటే మింగుడు పడలేదు. డైరెక్టరు ఆమెను పిలిపించి, గనివాళ్ళ పాత ఫిల్ములన్నీ కంప్యూటరులోకి ఎక్కించాక నిన్ను దుప్పట్ల గదికి మారుస్తామని చెప్పాడు. ఆమె సరేనంది. ఆ మాట భర్త తాయెబ్‌కు చెప్పడానికి మాత్రం రెండు రోజులు పట్టింది.

నాలుగు నెలలు ఆమె ఫిల్ములు ఒక్కొక్కటే యంత్రంలో పెడుతుంటే, గుమాస్తా కవరు మీది పేరు, పుట్టినరోజు కొట్టుకుంటూ పోయాడు. తల్లి పేరు రాయడానికి తెర మీద గడి లేదు. అది వదిలేశారు.

పని ముగింపుకొస్తుండగా ఒక పొద్దున స్ఫాక్స్ నుంచి వింత జవాబు వచ్చింది. రమ్‌దాన్ బెన్ యూనెస్ అనే అతనికి రెండేళ్ళ కిందటి బొమ్మలో ఊపిరితిత్తుల నిండా గని దుమ్ము మచ్చలున్నాయి, నిన్న తీసిన దాంట్లో ఒక్కటీ లేదు, ఇలాంటిది నేనెక్కడా చూడలేదు, వెంటనే మనిషిని పంపండి అని డాక్టరు అహ్లేమ్ రాసింది.

లజ్‌హర్ ఉబ్బిపోయి ఆమెను గౌరవంగా పిలిచాడు. "లెల్లా మొంజియా, ఇలా రా. మన మెషీను జబ్బులు కూడా నయం చేసేస్తోంది."

ఆమె రెండు బొమ్మల్నీ కాసేపు చూసింది. "ఇవి ఒకడివి కావు. పాతది పొడుగు రమ్‌దాన్‌ది, మబ్రూకా కొడుకు. గనిలో బండి తగిలి మెడ కింద ఎముక విరిగింది, వంకరగా అతుక్కుంది చూడు. నిన్న దగ్గుతో వచ్చింది రొట్టెల రమ్‌దాన్. వాళ్ళమ్మ ఖదూజా. పేరూ పుట్టిన తేదీ ఇద్దరికీ ఒకటే, తల్లులే వేరు. వాడు గని గుమ్మం కూడా తొక్కలేదు."

లజ్‌హర్ ముఖం పాలిపోయింది. కొత్త బొమ్మలో ఎముక తిన్నగా ఉంది. అతను అప్పటికప్పుడు డాక్టరుకు ఫోన్ చేసి, ఫోన్ మొంజియా చేతికిచ్చాడు. అంతా విని అహ్లేమ్ రెండు బొమ్మలూ మళ్ళీ తెరిచి చూసుకుంది.

"మచ్చల కోసమే చూశాను గానీ ఎముక వైపు చూపే పోలేదు ఖాల్తీ," అంది చివరికి, పిన్నిని పిలిచినట్టు. "ఇలా కలిసిపోయినవి ఇంకెన్ని ఉంటాయంటావు?"

"కూర్చుని చూస్తే గానీ చెప్పలేనమ్మా."

కవర్లు ఇంకా పారేయలేదు, అదృష్టం. మొంజియా నలభై రోజులు వాటిని ముందేసుకుని కూర్చుంటే అలా కలిసిపోయినవి ముప్పై ఏడు జతలు బయటపడ్డాయి. అహ్లేమ్ డైరెక్టరుకు ఘాటుగా ఉత్తరం రాసింది. తెర మీద తల్లి పేరుకు గడి వచ్చింది. దుప్పట్ల గది మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మొంజియా రెండు వేళ్ళతో టైపు చేయడం నేర్చుకుంది. ఒకరోజు తీసుకెళ్ళడానికి వచ్చిన తాయెబ్, కోడి గింజలు ఏరుకుంటున్నట్టుందని ఎగతాళి చేశాడు. గింజ తప్పకుండా ఏరుతున్నాను కదా అందామె.

మరుసటి నెల పొడుగు రమ్‌దాన్ తన వంతుకు వచ్చాడు. సంగతి ఊరంతా పాకింది మరి.

"ఏమ్మా మొంజియా, ముప్పై ఏళ్ళు నేను మింగిన దుమ్మంతా ఆ రొట్టెలోడు ఒక్క రోజులో కడిగేసుకున్నాడంటగా. ఆ కిటుకేదో నాక్కూడా చెప్పించకపోయావా?"

అతనికి కోపమేమీ లేదు. అసలు బాధ వేరే ఉంది. ఫిల్ము చేతికివ్వకపోతే ఎక్స్‌రే తీసినట్టే ఉండదట, ఇదివరకులా ఒక పూట ఇంటికి తీసుకెళ్ళి కిటికీకి పెట్టి చూసుకోవద్దా అన్నాడు. మొంజియా తెరను అతని వైపు తిప్పి ఆరేళ్ళ బొమ్మలు పక్కపక్కన పెట్టింది. అతను ముందుకు వంగి చాలాసేపు చూశాడు. మచ్చలు పెద్దగా పెరగలేదని ఆమె చెబితే, తానే కనిపెట్టినట్టు తలాడించాడు. తర్వాత ఆమె కాగితం మీద ఒకటి అచ్చు వేయించి ఇచ్చింది. మడిచి అంగీ లోపలి జేబులో పెట్టుకుని వెళ్ళాడు.

రెండేళ్ళకు స్ఫాక్స్‌లోని పెద్దాస్పత్రికి కూడా ఇదే చిక్కు వచ్చింది. అహ్లేమ్ స్వయంగా వచ్చి, మొంజియా ఇంట్లో కుస్కుస్ తింటూ, అక్కడికి వచ్చేయమని అడిగింది. మొంజియా ఆమె పళ్ళెంలో ఇంకో గరిటె వేసింది.

"అక్కడ ఎవరి తల్లి ఎవరో నాకేం తెలుసమ్మా? మీ గుమాస్తాల్ని ఒక నెల ఇక్కడికి పంపు. ఎలా అడగాలో నేర్పిస్తా."

వసంతంలో ఇద్దరు గుమాస్తాలు వచ్చారు. రమ్‌దాన్‌లూ యూనెస్‌లూ వరసకట్టి నిలబడిన ఒక పొద్దుట మొంజియా కొత్తవాళ్ళను కుర్చీల్లో కూర్చోబెట్టి, తాను వెనక నిలబడి టీ తాగుతూ వాళ్ళు ఒక్కొక్కరినీ తల్లి పేరు అడుగుతుంటే విన్నది.