చంకన మోసినందుకు కాదు

మా అమ్మాయివి దొడ్డికాళ్లు కావడానికి మా అత్తగారు చంకనెత్తుకుని తిప్పడమే కారణమని మా బంధువుల్లో ఇప్పటికీ చాలామంది నమ్ముతారు. ఆ మాట మొదట అన్నది నేనే.

అప్పట్లో నా భార్యా పిల్లా పెనుగంచిప్రోలులో, మా అత్తగారింట్లోనే ఉండేవాళ్లు. అత్తగారు పొద్దున్నే మనవరాలిని చంకనేసుకుని మిరప చేనికి వెళ్లేవారు. పిల్ల నడక మొదలుపెట్టాక కాళ్ల మధ్య సందు చూసి, అందరి ముందూ అనేశాను.

"అట్టా కాళ్లు ఎడం చేసి మోస్తే వంకర పోక ఏమవుతాయండీ?"

"మీ ఆవిణ్ణీ ఇట్టాగే మోశానండీ. వంకరగా నడుస్తందా?" అన్నారావిడ. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ వారమే భార్యనీ పిల్లనీ జగ్గయ్యపేట తెచ్చేశాను. మాది మధ్య అంతస్తు. దుమ్మొస్తుందని తలుపులు వేసే ఉంచేవాళ్లం. పిల్లనెవరూ చంకనెత్తుకోకూడదని చెప్పాను.

కాళ్లు ఇంకా వంగాయి. నాలుగడుగులు వేసి కూలబడేది. చివరికి నందిగామలో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన చీలమండలు కలిపి నిలబెట్టి మోకాళ్ల మధ్య టేపు పెట్టి కొలిచారు. పడుకోబెడితే వంకర సరిగా తెలియదని నిలబెట్టే ఎక్స్‌రే తీయించారు. రక్తపరీక్ష రిపోర్టు వచ్చాక అడిగారు.

"రికెట్స్ అండి. డి విటమిన్ బాగా తక్కువుంది. పిల్లకి ఎండ తగలనివ్వరా?"

"చంకనెత్తుకున్నందుకు కాదాండీ?"

"ఎవరు చెప్పారండీ మీకు? నడక నేర్చేటప్పుడు కాస్త సందు మామూలే. ఆ తర్వాత ఎండ తగలక ఎముక మెత్తబడి బరువుకి వంగింది. ఎత్తుకునైనా ఎండలో తిప్పాల్సింది."

నా భార్య నా వంక చూసింది.

మందు, కాల్షియం, ఎండ. కొన్ని నెలలకోసారి గోడ ముందు నిలబెట్టి, మోకాలి చిప్పలు సూటిగా ముందుకు ఉండేలా ఫోటో తీసి డాక్టరుకి చూపించాలి. పిల్ల ఏడుస్తూ పాదాలు తిప్పేసేది. నేను నేల మీద కూర్చుని మళ్లీ సర్దేవాణ్ణి. సందు మెల్లగా తగ్గింది. ఆపరేషన్ అక్కర్లేదన్నారు.

పిల్ల కాళ్లు బాగయ్యాయి కానీ అత్తగారి మీద పడ్డ మాట అలాగే ఉంది. ఒక పెళ్లిలో ఎవరో పసిబిడ్డను ఆవిడకు అందించబోతే, పక్కనున్న ముసలావిడ "దానికియ్యమాకండమ్మో, కాళ్లు వంచుద్ది" అని ఎగతాళి చేసింది. అత్తగారు నవ్వుతూనే చేతులు వెనక్కి తీసుకున్నారు. నేను పక్కనే ప్లేటు పట్టుకుని నిలబడ్డాను.

పోయిన నెల అత్తగారి దగ్గరికి వెళ్లి డాక్టరు మాట చెప్పాను. ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు.

"మా అమ్మాయి ఆరోజే ఫోన్ చేసి చెప్పింది అల్లుడుగారూ. మీరెప్పుడు చెప్తారా అని చూస్తన్నా."

"తప్పు నాదేనండీ అత్తయ్యగారూ."

"నాకెందుకు చెప్పడం? అన్నది అందరి ముందేగా."

అందుకే ఇది రాశాను. మా వాళ్లందరికీ పంపుతున్నాను.