మల్లయ్య మెడలోని నల్లమచ్చ

తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొన్నేళ్లకు నన్ను మహబూబ్‌నగర్‌లోని ఒక బోధనాసుపత్రిలో ఎంఆర్ఐ విభాగానికి సీనియర్ టెక్నీషియన్‌గా వేశారు. పదో తరగతి దాకా ఇంట్లో నాయిన దగ్గరే చదువుకున్నదాన్ని. అంత పెద్ద యంత్రం నా చేతికి వచ్చినందుకు రోజూ దేవుడికి దండం పెట్టుకుని పని మొదలుపెట్టేదాన్ని.

అప్పుడే డాక్టర్ సునీత పరిశోధనకు వచ్చారు. ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో గాలి పెరిగి, మెడ దగ్గర అయస్కాంత క్షేత్రం రవ్వంత మారుతుంది. దాంతో బొమ్మ అలికినట్టు వస్తుంది. ఆమె శనగగింజంత గొట్టాల్లో ద్రవపు చుక్కలు నింపి మెడ చుట్టూ అమర్చేవారు. స్కాను సాగుతున్నంతసేపూ అవి క్షేత్రంలోని మార్పును పట్టిస్తాయి. కంప్యూటర్ ఆ కొలతలతో బొమ్మను సరిదిద్దుతుంది.

గొర్లు కాసే మల్లయ్యకు చేతులు మొద్దుబారాయి, నడక తూలుతోంది. మామూలు స్కానులో మెడ ఎముక వెన్నుపామును నొక్కుతున్నట్టు కనిపించింది. అక్కడే ఒక నల్లమచ్చ కూడా ఉంది. మచ్చ నిజమైతే జబ్బు వెన్నుపాము లోపలే ఉన్నట్టు, ఆపరేషన్ చేసినా నడక దక్కుతుందని చెప్పలేనన్నారు సర్జన్. ఊపిరి వల్ల పడిన నీడైతే వెంటనే చేస్తానన్నారు. అది తేలేదాకా కత్తి పట్టనన్నారు.

మళ్లీ స్కాను తీస్తూ నేను మెల్లగా ఊపిరి పీల్చమన్నకొద్దీ మల్లయ్య బిగబట్టి, ఆగలేక ఒక్కసారిగా వదిలేవాడు. అతని భార్య ఎల్లమ్మ నవ్వింది. "ఇంట్ల గురక వెడితె గోడలదురుతయి మేడం. గీడ సప్పుడు లేకుంట పీల్చుమంటె యాడ పీలుస్తడు?"

డాక్టర్ సునీత ఇది పరిశోధన అని ఇద్దరికీ విడమరిచి చెప్పి, ఒప్పుకున్నాకే ఆ గొట్టాల పరికరం అమర్చారు. "ఊపిరి ఎట్లొస్తె అట్లనే తీస్కో పెద్దయ్యా" అన్నాను. అయినా బొమ్మ చెదిరింది. క్షేత్రం కొలతలు బాగానే వచ్చాయనీ, మనిషే వణుకుతున్నాడనీ, ఒంటి కదలికను తన పరికరం దిద్దలేదనీ ఆమె చెప్పారు. యంత్రం కోసం ఆ గదిని చల్లగా ఉంచుతాం.

"నా గొంగడి ఇయ్యున్రి, మంచుల గూడ పండుకుంట" అన్నాడు మల్లయ్య.

వదిలే ప్రశ్నే లేదు, మళ్లీ చేద్దామన్నారు డాక్టర్. ఇనుము ఉందేమోనని నేను గొంగడి మడత మడతా తడిమాను. కొసన ముడిలో ముళ్లు తీసే చిమటా దొరికింది. దానితో లోపలికి వెళ్తే అయస్కాంతం బాణంలా గుంజుకుంటుంది. తీసి ఎల్లమ్మ చేతిలో పెట్టాను.

"గా చిమటా పోతె నా కాళ్ల ముండ్లు నువ్వు తీస్తవా?" అని కసిరాడు మల్లయ్య.

"నడిస్తె గద ముండ్లు గుచ్చేది! పండుకో" అంది ఎల్లమ్మ.

గొంగడిని మళ్లీ లోహాన్ని పట్టే చేతి డిటెక్టర్‌తో చూసి కప్పాను. వణుకు ఆగింది. ఆ ఒక్క స్కానునే డాక్టర్ సునీత దిద్దకుండా ఒకసారి, దిద్ది ఒకసారి బొమ్మగా కట్టి చూపారు. దిద్దనిదాంట్లో మచ్చ ఉంది, దిద్దినదాంట్లో లేదు. ఎముక నొక్కిన చోటు మాత్రం తేటగా కనిపించింది. రేడియాలజిస్టు, సర్జన్ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశారు. ఆపరేషన్ జరిగింది. వేళ్ల మొద్దు పూర్తిగా పోలేదు గానీ మల్లయ్య మళ్లీ గొర్ల వెంట నడిచాడు. డాక్టర్ సునీతకూ, సర్జన్‌కూ, పైవాడికీ నేను రుణపడి ఉన్నాను.

అంతకుముందు బొమ్మ చెడితే "కదిలినవు" అని రోగినే అనేవాళ్లం. ఆ తర్వాత మా విభాగంలో మొదటి ప్రశ్న మారింది: కదిలింది మనిషా, క్షేత్రమా? మనిషైతే దిండు, దుప్పటి చూసుకోవాలి. క్షేత్రమైతే కొలవాలి. కారణం తేల్చకుండా రోగిని గదమాయిస్తే బొమ్మ బాగుపడదు.