బస్సు మైకులో ఆఫ్‌సైడ్

నేను ఇంటర్‌తో చదువు ఆపినదాన్ని. ఆ తర్వాత నేర్చుకున్నదంతా దిల్‌సుఖ్‌నగర్ లైబ్రరీలోనే. వనస్థలిపురంలో మాకు కర్రీ పాయింట్ ఉంది. మధ్యాహ్నం కూరలు అయిపోయాక, సాయంత్రం వంట మొదలుపెట్టేలోపు బస్సెక్కి లైబ్రరీకి వెళ్ళేదాన్ని. పేపర్లో అందరూ క్రికెట్ వార్తలు చదివి వదిలేసే పేజీలో, అడుగున ఉండే ఫుట్‌బాల్ వార్తలతో మొదలుపెట్టి, అక్కడి ఆటల పుస్తకాలన్నీ చదివేశాను. ఆ ఆటను టీవీలో చూసింది తర్వాతే.

ఎల్బీనగర్ టూర్ ఆఫీసులో ఇంగ్లాండ్ ప్యాకేజీ చూపించినప్పుడు, లైవ్ ఫుట్‌బాల్ మ్యాచ్ అన్న ఒక్క మాటకే ఒప్పుకున్నాను. మా ఆయన, "కూరలమ్మిన పైసలతోని బాల్ సూడనీకి పోతున్నమని జర ఎవరికీ చెప్పకు" అని నవ్వి, నాకంటే ముందే పాస్‌పోర్టుకు ఫొటో దిగొచ్చాడు.

తీరా మ్యాచ్ రోజు పొద్దున్నే వాన. బస్సులో టూర్ మేనేజర్ లేచి నిలబడ్డాడు.

"వాన పడుతున్నది. దగ్గర్ల పెద్ద షాపింగ్ సెంటర్ ఉన్నది. బస్సు ఒక్కటే. ఎక్కువమంది ఎటంటే అటు పోదాం."

మా వెనక సీట్లో, గుంటూరు నుంచి వచ్చి కొత్తపేటలో స్థిరపడ్డ రిటైర్డ్ బ్యాంకు ఆఫీసరుగారు ఉన్నారు. "అర్థం కాని ఆట కోసం వానలో తడవడం ఎందుకండీ? షాపింగే నయం" అన్నారు. దాదాపు అందరి చేతులూ షాపింగ్‌కే లేచాయి. మ్యాచ్‌కు లేచినవి రెండే, నాదీ మా ఆయనదీ.

ఇన్నేళ్ళు చదివింది, ఇంత దూరం వచ్చి, కళ్ళారా చూడకుండానే తిరిగిపోవాలా? ఏడుపొచ్చినంత పనైంది.

మన టూర్ బస్సుల్లో అంత్యాక్షరి మైకు ఒక చోట ఆగదు. అంతలో పాటలు మళ్ళీ మొదలై, అది నా దగ్గరికొచ్చింది.

"'మ' వచ్చింది, పాడక్కా" అన్నాడు మేనేజర్.

"పాట కాదన్నా, ఒక ఆట చెప్త. అయినంక మళ్ల చేతులెత్తుండ్రి" అన్నాను.

మొదట స్టేడియంలో సీట్ల మీద పైకప్పు ఉంటుందని, తడవమని చెప్పాను. శనివారం ఒంటిపూటకే ఫ్యాక్టరీలు మూసిన కాలంలో కార్మికులు నేరుగా గ్రౌండుకు నడిచేవారనీ, మనం చూడబోయే మ్యాచ్ కూడా శనివారం మధ్యాహ్నమేననీ చెప్పాను. కొందరు ఫోన్లు పక్కన పెట్టారు.

"ఇగ ఒక్కటే రూల్ కష్టం. పెండ్లి భోజనాల కాడ, తినేటోళ్లు లేవకముందే కుర్చీ ఎనకాల పోయి నిలబడతరు సూడుండ్రి, ఈ ఆటల అది తప్పు. మనోడు బాల్ తన్నేదాకా, గోల్‌కీపర్‌ను ఇడిచిపెడితే అవతలి జట్టుల ఆఖరి మనిషిని దాటి నిలబడొద్దు. తన్నినంక ఎంతన్న ఉరకొచ్చు. ముందే దాటితే ఆఫ్‌సైడ్."

"నన్నే అంటున్నావా అమ్మా?" అన్నారు బ్యాంకు ఆఫీసరుగారు.

"మిమ్మల్నే" అన్నారు వాళ్ళావిడ. "మా అన్నయ్య కూతురి పెళ్ళిలో ఒకావిడ మీకు జడిసి పెరుగన్నం తినకుండానే లేచిపోయింది."

బస్సంతా గొల్లుమంది. మేనేజర్ మళ్ళీ అడిగాడు. మొదట లేచింది ఆఫీసరుగారి చెయ్యే. తర్వాత నేను లెక్కపెట్టలేదు, కళ్ళు మసకబారాయి.

మెట్లెక్కి పైకి రాగానే ఆ పచ్చదనం ఒక్కసారిగా ఎదురైంది. పుస్తకాలు అన్నీ నిజమే చెప్పాయి, ఒక్క శబ్దం సంగతి తప్ప. వేలమంది పాడుతుంటే ఆ పాట గుండెల్లో మోగుతుందని ఏ పుస్తకమూ చెప్పలేదు.

ఆట ముగింపుకొచ్చినా రెండు జట్లూ సమానంగానే ఉన్నాయి. అప్పుడు మధ్యలోంచి ఒకతను పొడవుగా బంతి తన్నాడు. ముందున్న కుర్రాడు సరిగ్గా ఆ తన్నే క్షణం దాకా ఆగి, ఒక్క ఉరుకు ఉరికాడు. బంతి వలలో పడింది.

"అమ్మా, చెల్లుతుందా?" ఆఫీసరుగారు నా భుజం తట్టారు.

లైన్‌మన్ వైపు చూశాను. ఆఫ్‌సైడైతే ఎత్తే జెండా కిందే ఉంది.

"చెల్లుతది బాబాయ్‌గారూ! గోల్!"

మా వరసంతా లేచింది. మా ఆయన థియేటర్లో వేసినట్టు ఈల వేశాడు. ముందు సీటులోని తెల్లజుట్టు పెద్దమనిషి వెనక్కి తిరిగి, నా రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు.

ఆట అయిపోయింది.

"షాపింగ్‌కు ఇంక టైం ఉన్నది, లేవుండ్రి" అన్నాడు మేనేజర్.

ఎవరూ కదల్లేదు. "కూర్చోవయ్యా, వాళ్ళు ఇటే వస్తున్నారు" అన్నారు ఆఫీసరుగారి భార్య.

బురద బట్టలతో ఆటగాళ్ళు మా స్టాండు ముందుకొచ్చి, చేతులు పైకెత్తి మా కోసం చప్పట్లు కొట్టారు. నేనూ లేచి నిలబడి, అరచేతులు మండేదాకా కొట్టాను.